శుక్రవారం పెరిగే అంకె

తొంభైల చివర కామారెడ్డిలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాణ్ని. మా క్రైస్తవ సంఘం వెబ్‌సైట్ చూసుకునే పనీ నాదే. దానికి మూడు డొమైన్ పేర్లు, అంటే ఇంటర్నెట్ చిరునామాలు: కామారెడ్డి సంఘం తీసుకున్నదొకటి, ఎల్లారెడ్డి సంఘం తీసుకున్నదొకటి, రెండు సంఘాలూ ఒకటయ్యాక పెట్టుకున్న కొత్తదొకటి.

ఎల్లారెడ్డి పేరు కింద ఒక అవ్వ కొడుకు ఫొటో పేజీ ఉండేది. గల్ఫ్‌కు పోయిన అతని నుంచి రెండేళ్లుగా ఉత్తరం లేదు. ఫొటో కింద, మా సెంటర్ నుంచి చూసినవి కాకుండా ఎంతమంది చూశారో చెప్పే అంకె. సెర్చ్ ఇంజన్‌లో అతని పేరు, ఊరు కొడితే ఆ పేజీయే ముందు వచ్చేది. ఏదో ఒకరోజు తన పేరు తానే వెతుక్కుంటాడని మా ఆశ.

వారమంతా కదలని ఆ అంకె శుక్రవారం మాత్రం ఒకటి పెరిగేది. గల్ఫ్‌లో అది సెలవు రోజు. అవ్వ బస్సెక్కి వచ్చి బల్ల మీద కూర్చునేది.

"వచ్చిండా బిడ్డా?"

"వచ్చిండవ్వా."

"సూడనీకి కండ్లున్నయ్ గని, తల్లికి రెండు ముక్కలు రాయనీకి చేతుల్లేవా వీనికి?" అని తిట్టి, కొంగు కప్పుకుని స్తోత్రం చెప్పేది.

వెబ్‌సైట్‌కు పేరు ఒక్కటి చాలని సంఘం పెద్దలన్నారు. పేజీలన్నీ కొత్త సైటుకు మార్చి, పాత పేర్లు రెండింటినీ దాని మొదటి పేజీకి మళ్లించేశాను. కొన్ని వారాల్లో అతని పేజీ వెతికినా దొరకలేదు. అంకె ఆగిపోయింది. అవ్వ వచ్చి కూర్చుంది. నా ముఖం చూసి, తిరుగు బస్సుకు లేచింది.

గ్రంథంలో దేవుడు కొందరికి కొత్త పేరు పెట్టాడు. పాత పేరుతో వెతికి వచ్చినవాళ్లను మాత్రం వీధిలో నిలబెట్టలేదు. నేను నిలబెట్టాను.

దిద్దుకున్నాను. ప్రతి పాత పేజీని దాని సొంత కొత్త పేజీకే, శాశ్వతంగా మారిందనే సూచనతో కలిపాను. అలాగైతేనే సెర్చ్ ఇంజన్‌లో పాత పేజీ సంపాదించుకున్న స్థానం కొత్తదానికి వస్తుంది. ఆ పనిలోనే, సర్వర్ రాసిపెట్టుకునే రాకపోకల చిట్టా మొదటిసారి తెరిచాను.

శుక్రవారాల్లో వచ్చింది మనిషి కాదు. పేజీలు చూసుకుంటూ లోకమంతా తిరిగే సెర్చ్ ఇంజన్ యంత్రం. ఇన్నాళ్లూ ఆ తల్లి స్తోత్రం చెప్పింది దాని రాకకు.

పేజీ మళ్లీ ముందుకు వచ్చింది. ఆ శుక్రవారం అంకె రెండు పెరిగింది.

చిట్టా చూశాను. ఒకటి యంత్రం. రెండోది వెతుకులాట నుంచి వచ్చింది కాదు. ఎవరో ఎల్లారెడ్డి పాత పేరునే అక్షరం అక్షరం కొట్టి వచ్చారు. గల్ఫ్‌కు పోయేవాళ్లకు మేము చీటీ మీద రాసిచ్చిన పేరది.

ఇక దాచలేకపోయాను. "అవ్వా, ఇన్ని దినాలు వచ్చింది మనిషి కాదు, మిషను. నాకు తెల్వక చెప్పిన, మాఫ్ చెయ్యి. ఇయ్యాల మాత్రం ఎవరో మనిషే వచ్చిండ్రు."

అవ్వ ఫొటో దగ్గరికి వంగింది. "ఏమన్న రాసిండా?"

"లేదవ్వా."

"గట్లయితే వాడే," అంది. "అలిగి పోయినప్పుడల్ల గంతే. వాకిట్ల నిలవడి, లోపటికి సూసి, సప్పుడు లేకుంట పోతడు."

తర్వాతి శుక్రవారాల్లో అంకె ఒకటే పెరిగింది. అది ఎవరి రాకో అవ్వ అడగలేదు. ఏటా డబ్బు కట్టి నిలుపుకోవాల్సిన ఎల్లారెడ్డి పేరును మాత్రం సంఘాన్ని నేను వదులుకోనివ్వలేదు.