ఆరని ఉన్ని

కంకిపాడు దగ్గర మా పుట్టింటి చేలల్లో కోతలయ్యాక గొర్రెల మందలు దిగేవి. ఒక ఏడాది ఆ కాపరులను అడిగి సంచీడు తెల్ల ఉన్ని తెచ్చుకున్నాను. తొంభైల చివర్లో విజయవాడలో చేతిపనుల క్లాసుకు వెళ్ళేదాన్ని. ఉన్నిని పొరలుగా పరిచి, వేడి సబ్బునీళ్ళు చల్లి, చాపలో చుట్టి దొర్లిస్తే మందపాటి గుడ్డలా అతుక్కుంటుందని అక్కడే నేర్చుకున్నాను. కంకిపాడులో చెల్లెలి గృహప్రవేశానికి అలా ఒక గోడబొమ్మ చేసిస్తానని అందరికీ చాటుకున్నాను. నాకు పట్టుదల బోలెడుంది, ఓపికే లేదు.

వరి దుబ్బులు, వాటి మధ్య రెండు కొంగలు. బొమ్మ బాగానే కుదిరింది. ఇక వెనక నూలు అస్తరు వేసి మిషను కుట్టించాలి. అంతకుముందే ఉన్నిలో సబ్బు పూర్తిగా పోవాలని, లోపలిదాకా ఆరాలని క్లాసులో మేడం వందసార్లు చెప్పారు. తడి ఉన్ని ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, అస్తరు ముడుచుకోదు. అది శ్రావణం. ముసురు వదలడం లేదు, ముహూర్తం రెండు రోజుల్లో ఉంది. నేను ఒక్కసారి జాడించి, ఒక పూట ఫ్యాను కింద ఆరేసి, మిగతా తడి మీద ఇస్త్రీపెట్టె తోశాను.

భవానీపురంలో మా వీధి చివర మిషను కుట్టే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. జాకెట్లు, ఫాల్సు తప్ప పెద్ద పనులు ఆవిడ దాకా వచ్చేవి కావు. చెల్లెలి కొత్తింటి కర్టెన్లన్నీ ఆవిడకే ఇప్పిస్తానని మాటిచ్చాను. ఆ సంతోషంలో వాకిలి గదిలో సామాన్లన్నీ సర్ది, గుడ్డ పరుచుకోవడానికి చోటు కూడా చేసుకుంది.

నా బొమ్మను చెంపకు ఆనించి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇస్త్రీ వేడికి పైకి తెలీదండీ. లోపల ఆరిందా?"

"నాలుగు రోజులైందక్కా ఆరేసి," అన్నాను, తడుముకోకుండా.

"మీరు చెప్పాక ఇంకేముందిలెండి," అని మిషను ముందు కూర్చుంది.

గృహప్రవేశం నాటికి బొమ్మ అంచులు వేయించిన అప్పడంలా లేచిపోయాయి. కొంగలు మెడలు ముడుచుకున్నాయి. చుట్టాలందరి ముందూ చెల్లెలు అడిగింది.

"ఇదేంటే అక్కా, ఇలా అయింది?"

"మా వీధావిడ కుట్టు అలా ఏడ్చింది," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"అయితే కర్టెన్లు ఆవిడకొద్దులే. బజార్లో ఇచ్చేస్తా."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. చుట్టాల ముందు పరువు పోతుందని పులిహోర వడ్డించడానికి లేచాను.

కర్టెన్లు వేరేచోట ఇచ్చేశారని నేనే వెళ్ళి చెప్పాను. బొమ్మ సంగతి కూడా చెప్పక తప్పలేదు, నా అబద్ధం మాత్రం చెప్పలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"దారం బిగువు ఎక్కువ పెట్టానేమోనండీ. తీసుకురండి, విప్పి మళ్ళీ కుడతా."

చెల్లెలి దగ్గర్నుంచి తెచ్చి తీసుకెళ్ళాను. నా ఎదురుగానే కూర్చుని ఒక్కో కుట్టూ బ్లేడుతో తెంపింది. అస్తరు విడదీయగానే సబ్బుతో కలిసిన ముక్కిన వాసన కొట్టింది. నూలుగుడ్డ మీద తడి మరక పెద్దగా పరుచుకుని ఉంది. ఆవిడ ఆ మరక మీద అరచెయ్యి పెట్టి చూసింది. నన్ను ఒక్క మాట అంటే బాగుండునని కూర్చున్నాను.

"శుభ్రంగా జాడించి, నాలుగు రోజులు ఆరబెడదామండీ," అంది, తలెత్తకుండా. అంతే.

నాలుగు రోజులు అన్న మాట దగ్గర సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఒప్పుకోలేదు.

వారం తర్వాత బొమ్మ పలకలా చదునుగా తయారైంది. కంకిపాడు తీసుకెళ్ళి చెల్లెలి ముందుగదిలో తగిలించాను. పక్కనే బజారులో కుట్టించిన కర్టెన్లు వేలాడుతున్నాయి. చెల్లెలు అంచులు తడిమి చూసి మురిసిపోయింది.

"గట్టిగా దెబ్బలాడినట్టున్నావే. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టింది."

నేను నవ్వి, అవునన్నాను.