సీటు కింది చిలుము

నా చిన్నప్పుడు మా వేప్పనపల్లి చుట్టుపక్కల మోటారు బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. వాటిలో ఒకటి మామిడితోట యజమానిగారి పాత వ్యాను. దాన్ని నడిపేది మా పెద్దనాన్న. కాయల కాలంలో అది రోజూ కృష్ణగిరి మండీకి పోయి వచ్చేది. మిగతా దినాల్లో మా ఇంటి ముందరే నిలబడి ఉండేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను పుట్టిన ఏడాదికే మా నాన్న పోవడంతో అమ్మా నేనూ పెద్దనాన్న ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ అక్క పెళ్ళయి డెంకణికోటకు వెళ్ళాక ఆయన ముద్దంతా నామీదికే మళ్ళింది.

వ్యాను బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉండేది. దాని మీద రెండు సీసపు మొనలు, వాటికి బిగించిన లావు తీగలు. వారం తిరిగేసరికి ఆ మొనల చుట్టూ తెల్లగా, పచ్చగా చిలుము పొంగుకొచ్చేది. పెద్దనాన్న ప్రతి ఆదివారం తీగలు ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళలో సోడా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పోసేవాడు. అది బుసబుసమని నురుగు కక్కుతుంటే నాకు పండగ. తర్వాత కొబ్బరి పీచుతో రుద్ది, తడి లేకుండా పొడిబట్టతో తుడిచి, తీగలు గట్టిగా బిగించి, పైన గ్రీజు పూసేవాడు. "కొంచెమేగదా అని వదిలితే తీగను లోపల్లోపలే తినేస్తాదమ్మా, పైకి తెలీదు" అనేవాడు.

నేనే చేస్తానని ఎన్నాళ్ళో వెంటపడితే చివరికి ఆ పని నాకిచ్చాడు. యాసిడ్ దగ్గరికి ఆడపిల్లను పోనిచ్చావా అని మా అమ్మ అరుస్తుందని భయపడి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అది మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఆ ఏడాది అక్క తొలికాన్పుకు వచ్చింది. అది కాయల కాలం. తోటలో రాలిన పండ్లు ఏరుకునే సరదాలో పడి నేను సీటు ఎత్తడమే మానేశాను. ఒక ఆదివారం కాదు, వరసగా ఐదారు. "తుడిచినావామ్మా?" అని అడిగిన ప్రతిసారీ "తుడిచినాను పెద్దనాయనా" అన్నాను. లోడు మీద లోడు పడి ఆయనకు ఊపిరాడని రోజులవి. నా మాట నమ్మాడు. చివరి రెండు దినాలూ బండి మొరాయిస్తుంటే, బ్యాటరీ పాతబడిందనుకుని ముందు వైపు హ్యాండిల్ తిప్పి నడుపుకొచ్చాడు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని లోపలినుంచి పరుగున వచ్చి, "బిడ్డ అడ్డం తిరిగుండాదప్పా. నా వల్ల కాదు, కృష్ణగిరి ఆస్పత్రికి తీసకపో" అంది. అక్కను తెచ్చి వ్యానులో పరుపు మీద పడుకోబెట్టారు. పెద్దనాన్న హ్యాండిల్ తిప్పాడు. బండి కదల్లేదు. ఎద్దుల బండి కట్టుకుని పోతే రాత్రికి గానీ కృష్ణగిరి చేరలేరు. మళ్ళీ తిప్పాడు. చెమటలు కారిపోతుండగా వచ్చి సీటు ఎత్తాడు.

మొనలు కనబడలేదు. రెండు పిడికిళ్ళంత చిలుము. ఆయన చెయ్యి తగలగానే పుచ్చిపోయిన తీగ కొస పుటుక్కున ఊడి చేతిలోకి వచ్చింది. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నేను ఇన్నేళ్ళు ఇంతగా ఏడ్చి ఉండేదాన్ని కాదు. కత్తితో మొనలు గీకి, తీగ కొస చెక్కి, రాగి పోగులు మెలిపెట్టి కట్టి, అవి ఊడితే మళ్ళీ మళ్ళీ కట్టి, బండి పలికేసరికి పొద్దు బాగా వాలిపోయింది. అంతసేపూ అక్క లోపల అరుస్తూనే ఉంది.

అక్క బతికింది. మగబిడ్డ. ఊపిరి లేకుండా పుట్టాడు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడని డాక్టరమ్మ అందట.

ఇంటికి తెచ్చాక అక్క గోడకు ఆనుకుని కూర్చుని తండ్రిని ఒకే మాట అడిగింది: "దినామూ కాయల్ని మండీకి చేరుస్తావే, నన్ను తీసకపోయే బండిని చూసుకోలేదా నాయనా?"

"లేదమ్మా. మరిచిపోయినాను" అన్నాడు పెద్దనాన్న.

నేను గడప దగ్గరే ఉన్నాను.

వారం తర్వాత పెరట్లో ఆయన కాళ్ళ మీద పడి, "నేను తుడవలేదు పెద్దనాయనా" అన్నాను. నన్ను లేపి ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. "తెలుసమ్మా. చూడకుండా నమ్మింది నేనే గదా. అక్క కాడ ఈ మాట అనొద్దు. ఆయమ్మి నన్ను కోపగించుకుంటే తట్టుకుంటాను. నిన్ను కోపగించుకుంటే నువ్వు తట్టుకోలేవు, చిన్నబిడ్డవి" అన్నాడు. చెబుతూ చెబుతూ ఆయనే ఏడ్చేశాడు. పోయింది ఆయన మనవడు.

వ్యాను తాళాలు యజమానిగారికి ఇచ్చేసి, అదే తోటలో చెట్లకు నీళ్ళు కట్టే పనిలో చేరాడు. అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. తర్వాత ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పుట్టింటికి వచ్చేది, పోయేది. తండ్రికి అన్నం వడ్డించేది కానీ ముఖం చూసేది కాదు. ఆయన తల వంచుకుని తినేవాడు. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్ళి చేసుకున్నాను. ఈసారి చెబుదాం, వచ్చేసారి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

ఒక వానాకాలం జ్వరంతో పెద్దనాన్న పోయాడు. మూడోనాడు వంటింట్లో అక్క ఒక్కతే ఉన్నప్పుడు అంతా చెప్పేశాను. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. పొయ్యిలో కట్టెను లోపలికి తోసింది.

"నాలుగు దినాల ముందు చెప్పినా చాలు గదే. మా నాయనతో ఒక్క మాటన్నా మాట్లాడి ఉందును" అంది.

పెద్దనాన్నను తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది. అంత ప్రేమ మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు. అయినా మా ఇంట్లో పిల్లలు తప్పు చేస్తే నేను ఆయనలాగా దాన్ని కప్పిపుచ్చను. కొట్టను, తిట్టను. చెయ్యి పట్టుకుని, ఆ తప్పు ఎవరికి తగిలిందో వాళ్ళ గడపదాకా తీసుకుపోతాను. నోరు పెగిలి వాళ్ళు ఆ మాట చెప్పేదాకా పక్కనే నిలబడతాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అలా ఎవరైనా తోడు వచ్చి ఉంటే, ఆ తండ్రీ కూతురూ పదకొండేళ్ళు మాట్లాడుకుని ఉండేవాళ్ళు.