శెట్టిగారి కుక్కకు మా అక్క వైద్యం

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో కుక్కల హనుమంతమ్మ ఇల్లు ఏదంటే చిన్నపిల్లలు కూడా చూపించేవాళ్లు. ఆమె మా అక్క. ఆ పేరు పెట్టినవాళ్లు వెక్కిరింతకే పెట్టారు గానీ ఆమె దాన్ని బిరుదుగా పుచ్చుకుంది. "రావుబహద్దూర్ కంటే ఇదే మేలప్పా. అది దొరలు ఇచ్చేది, ఇది కుక్కలు ఇచ్చింది" అనేది.

నేను వీధిబడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. పంచాయతీ మెంబరుగా గెలిచినవాణ్ణి. మా వీధికి మంచినీళ్ల బావి తవ్వించింది నేనే, కావాలంటే రాతి మీద నా పేరుంది, నరసన్న అని. అయినా మా వంశంలో చెప్పుకోదగిన మనిషి ఎవరంటే అక్క పేరే ముందు చెబుతాను. హొళగుంద గొర్రెలవాళ్ల కుక్కను తోడేలు మెడ పట్టి ఈడిస్తే, వేపనూనె, పసుపు వేసి కట్టి మళ్లీ మంద వెంట నడిపించింది. కృష్ణగిరిలో ఒక వేటకుక్క తిండి మానేసి పడుకుంటే దాని గొంతులోంచి ముల్లు తీసింది, చేతికి గాటు పడినా వదల్లేదు. "నేను ముట్టుకున్న కుక్క లెయ్యకుండా ఉండలే" అని నలుగురిలో చెప్పేది. ఇందులో కొంత అతిశయం లేకపోలేదు. లేచిన కుక్కల పేర్లే ఆమెకు గుర్తుండేవి.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఆదోని నుంచి కబురు వచ్చింది. పత్తి వ్యాపారం చేసే రంగనాయకులు శెట్టిగారి ఇంట్లో కుక్కకు బాగాలేదట. అక్కను బస్సెక్కించి నేనే వెంట తీసుకుపోయాను.

ఆ కుక్క పేరు కరియ. హొళగుంద వైపు నుంచి పత్తిబండి వెంట నడిచి వచ్చి ఆ వాకిట్లోనే ఉండిపోయింది. నల్లగా ఉందని బండివాళ్లు కన్నడంలో పెట్టిన పేరే నిలిచింది. శెట్టిగారి తల్లి గోవిందమ్మకు అది ప్రాణం. భర్త పోయిన తర్వాత ఆమె పడుకున్న మంచం కింద నుంచి అది కదలలేదని చెప్పుకుంటారు. అలాంటి కుక్క ఇప్పుడు వసారా నుంచి గేటు దాకా నడవాలంటే మధ్యలో రెండుసార్లు కూలబడుతోంది. దగ్గు. పొట్ట కుండలా ఉబ్బింది. పశువుల డాక్టరు చూసి గుండె బలహీనపడిందని, పొట్టలోకి నీరు దిగుతోందని చెప్పి సూది మందు వేసి పోయాడు.

శెట్టిగారు మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు.

"ఇది కండ్ల ముందర చచ్చిపోతే మా అమ్మ తట్టుకోలేదు హనుమంతమ్మా. పున్నమికి మంత్రాలయానికి బండి కడతాండా. ఆడ సత్రాల దగ్గర వదిలితే తిండికి కొదవ ఉండదు. ఏదో ఒక పొద్దు కండ్లు మూస్తాది, ఈమెకు తెలీదు."

లోపల నుంచి గోవిందమ్మ గొంతు వినిపించింది. "నాకు చెవుడు లేదురా రంగా. కరియను ఎక్కించిన బండే నేనూ ఎక్కుతా. ఆ సత్రంలో నాకూ ఇంత పెట్టమని సెప్పిపో."

ఆమె పట్టిన పట్టు విడిచే మనిషి కాదని శెట్టిగారి ముఖం చూస్తే తెలిసింది. పున్నమి లోపల కుక్క తేరుకోవాలి, లేకపోతే ఆ ఇంట్లో తల్లీకొడుకులకు మాటలుండవు.

అక్క కరియ పక్కన కూర్చుని దాని పక్కటెముకల మీద చెవి పెట్టింది. చాలాసేపు విన్నది.

"మగ్గం ఆడినట్ల ఆడాల గుండె. ఇది నాలుగు పోగులు నేసి ఒక పోగు మరిచిపోతాంది. నేత చెడిపోలేదు శెట్టీ, నేసేవాడు అలిసిపోయినాడు" అన్నది.

మందు చెప్పింది. తెల్లమద్ది చెక్క దంచి, నీళ్లలో సగానికి మరగకాచి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పోయాలి. నీరు దిగడానికి గలిజేరాకు ఉడికించి కొర్రన్నంలో కలపాలి. బలానికి ఉలవకట్టు. మా ఇళ్లల్లో అయితే మేక గుండె ఉడికించిన నీళ్లు పోయమనేది. శెట్టిగారింట్లో ఆ మాట ఎత్తితే ఇంటిల్లిపాదికీ వైద్యం చేయాల్సి వచ్చేది, అందుకని మింగేసింది.

వారం గడిచాక మళ్లీ పోయాము. కుక్క అట్లాగే ఉంది. పొట్ట ఇంకా ఉబ్బింది.

శెట్టిగారు ఎగతాళిగానే అన్నారు. "నీ మందు దీనికి బాగా రుచించినట్లుంది హనుమంతమ్మా. తొట్టి తొట్టి నీళ్లు తాగుతాంది."

అక్కకు ఆ మాట సూదిలా గుచ్చుకుంది. నాకైతే బస్సు తప్పిపోతుందని ఒకటే తొందర. "పోదామా అక్కా" అంటే, "నువ్వు పో. నేను ఈడే కూసుంటా. కుక్క అన్ని నీళ్లు ఎందుకు తాగుతాందో చూడాల" అని వసారాలో చతికిలబడింది. నేనూ కూర్చున్నాను.

మధ్యాహ్నం గోవిందమ్మ భోజనానికి కూర్చుంది. విస్తట్లోంచి మొదటి ముద్ద తీసింది. దాని మీద చిటికెడు కాదు, గుప్పెడు రాళ్లుప్పు చల్లి, ఊరగాయ అద్ది, కరియను పిలిచి తన చేత్తో నోట్లో పెట్టింది. ఆ కుటుంబంలో అది తరాల నుంచి వస్తున్న పద్ధతి. కుక్క ఇంటి ఉప్పు తినాలి, అప్పుడే ఇంటికి కట్టుబడి ఉంటుందని నమ్మకం. కొత్త కుక్కను తెచ్చిన రోజున కూడా ముందు అరచేతిలో ఉప్పు పోసి నాకనిస్తారట. కరియకు జబ్బు చేసినప్పటి నుంచి గోవిందమ్మ ఉప్పు ఇంకొంచెం పెంచిందట, ఎక్కడ తనను విడిచి పోతుందోనని.

అక్క లేచి నిలబడింది.

"ఏందమ్మా నువ్వు సేస్తాండేది? నేను ఒక పక్క నీళ్లు తోడతాంటే నువ్వు ఇంకో పక్క బాయి నింపుతాండావు."

"ముద్ద పెట్టేదానికి నీ పర్మిషన్ కావాలనా?" అన్నది గోవిందమ్మ.

"ముద్ద పెట్టు. ఉప్పు పెట్టాకు. ఉప్పుకు నీళ్లు చేరతాయి, నీళ్లకు గుండె మునుగుతాది."

"ఆ డాక్టరూ ఇదే సెప్పినాడు. మా ఇంటి ఆచారం ఆయనకేం తెలుసు."

అక్క శెట్టిగారి వైపు తిరిగింది. "డాక్టరు కూడా సెప్పినాడా? అయితే ఆయన మంచోడే. నాకు ముందే సెప్పుంటే నేను బస్సు సార్జీలు పెట్టుకోనేల?"

"ఉప్పు మానిపిస్తే కరియ ఈ ఇంటిది కాదు. ఎవురు పిలిస్తే వాళ్ల వెంట పోతాది. పరాయి కుక్క బతికితేనేమి, పోతేనేమి నాకు?" ఆ మాట అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

శెట్టిగారు తల్లికి నచ్చచెప్పబోతే అక్క చేత్తో వారించింది. ఆచారంతో కొట్లాడి గెలిచినవాళ్లను నేను చూడలేదు. అక్క కొట్లాడలేదు. కొంగు చివర చింపింది.

"అమ్మా, ఉప్పు లోపలికే పోవాలని మీ పెద్దలు సెప్పినారా, ఇంటి ఉప్పు దాని మీద ఉండాలని సెప్పినారా? దీంట్లో మూట కట్టి నీ చేత్తోనే దాని మెడకు కట్టు. రేయి పగలు మీ ఉప్పు మోస్తాది. తినే కుక్క మరిచిపోతుందేమో గానీ మోసేది యాడ మరిచిపోతాది?"

గోవిందమ్మ ఆ గుడ్డపేలిక అందుకుంది. "మోసేదే ఎక్కువలే" అని చివరికి తానే ఒప్పుకుని, పసుపు రాసి, మూడు ముళ్లు వేసి కట్టింది. ఆ ముళ్లు చూసి కోడలు విశాలాక్షి నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

పున్నమి రోజు పొద్దున బస్సుకే మేము ఆదోని చేరాము. అక్క దారిపొడుగునా చిరిగిన కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూనే ఉంది. ఆమె అట్లా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. శెట్టిగారి వాకిట్లో బండి కట్టే ఉంది. బండి తోలే కాశప్ప కాడి దగ్గర నిలబడి బీడీ తాగుతున్నాడు. గడ్డి కూడా పరిచారు. ఇక అయిపోయిందనుకున్నాను.

అక్క గేటు మీద చెయ్యి వేసింది. లోపల నుంచి నల్లగా ఏదో లేచింది. వసారా నుంచి గేటు దాకా ఎక్కడా కూలబడకుండా నడిచి వచ్చి, తనకు వైద్యం చేసిన మా అక్క ముఖం మీదికే వీధి దద్దరిల్లేటట్టు మొరిగింది. పొట్ట లోపలికి పోయింది. దగ్గు ఇంకా ఉంది, మొరుగు మధ్యలో ఒకసారి దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది.

"నన్నేరా, నన్నే" అన్నది అక్క, గేటు బయటే నిలబడి. ఆమెకు కోపమో సంతోషమో నాకు తెలియలేదు.

గోవిందమ్మ తలుపు దగ్గరికి వచ్చి కొడుకు వైపు చూసింది. "చూస్తివా రంగా? ఎవురింటి కుక్కో అడుగు ఇప్పుడు."

శెట్టిగారు బండి వైపు తిరిగారు. "కాశప్పా, ఎద్దుల్ని విప్పెయ్."

"గుండె కొత్తది కాలేదు శెట్టీ" అన్నది అక్క బయట నుంచే. "చెక్క కషాయం ఆపొద్దు, దీన్ని పరిగెత్తించొద్దు. ఇదంతా లోపలికొచ్చి సెప్పాలని ఉండాది గానీ, ముందు ఎవురన్నా దీన్ని పట్టుకోండప్పా."

ఎవరూ పట్టుకోలేదు. గోవిందమ్మ వద్దన్నది, మొరగనీ అన్నది. ఆ పూట మా అక్కకు ఫలహారం గేటు బయటే అరుగు మీద పెట్టారు. ఆమె తింటున్నంతసేపూ కరియ లోపల నిలబడి కాపలా కాసింది. దారిన పోయేవాళ్లు అడిగితే, "నేను బాగుసేసిన కుక్కే" అని చెబుతూ నిదానంగా తిన్నది.