ఖాళీ గాడిలో వెలుగు

అంకాలమ్మ గాజు సామాను కడిగేది. బెంజ్ సర్కిల్ దగ్గర, రొయ్యల రోగాలు పరీక్షించే ఒక ల్యాబులో అదే ఆమె ఉద్యోగం. పంపు తిప్పిన ప్రతిసారీ, చనిపోయిన భర్త పోలరాజు గొంతు వినిపించేది.

“చేతులెక్కడ కడిగావే?”

తొంభై అయిదులో బంటుమిల్లి వైపు వాళ్లకొక రొయ్యల చెరువుండేది. తెల్లమచ్చ రోగం ఊళ్లోకొచ్చిన వారం, పక్క చెరువు బసవపున్నయ్య ఉన్న రొయ్యలైనా దక్కుతాయని వల లాగించాడు. సాయానికి వెళ్లినవాళ్లకు కూరకు తలా కాసిని పెట్టడం అక్కడి అలవాటు. అంకాలమ్మ తన వంతు తెచ్చుకుంది. సొంత చెరువు గట్టున కూర్చుని ఒలిచి, రొయ్యల్నీ చేతుల్నీ ఆ నీళ్లలోనే కడిగింది.

కొన్నాళ్లకు వాళ్ల రొయ్యలు గట్టువారకు చేరి చచ్చాయి. పోలరాజు ఆ మాట ఒక్కసారే అడిగాడు. ఆమె బదులు చెప్పలేదు. మరుసటి ఏడు జ్వరంతో అతను పోయాడు.

ఒక చిన్న సీసా మిగిలింది. అందులో, పిల్లల్ని చెరువులో వదిలిన రోజే అతను స్పిరిట్‌లో వేసి దాచిన కొన్ని రొయ్యపిల్లలు. అప్పటి పరీక్షలో వాటికి రోగం లేదన్నారు.

రెండువేల ఎనిమిదిలో ల్యాబుకు కొత్త గాజు బిళ్లలు వచ్చాయి. వాటి మీద వెంట్రుకకన్నా సన్నని గాడులు. గాడుల అడుగున కంటికి ఆనని వెండి బొడిపెలు. రోగం ఉన్నచోట రంగు అంటుకుని వెలుగుతుంది. బొడిపెలు ఆ వెలుగును ఎన్నో రెట్లు పెంచుతాయి. పాత పరీక్షకు దొరకనిది వీటికి దొరుకుతుంది.

అంకాలమ్మ సీసా తెచ్చి, పరీక్షలు చేసే అర్ఫా ముందు పెట్టింది.

“రోగం పిల్లలోనే ఉందా, నా చేతిమీదుగా వచ్చిందా? అదొక్కటి చెప్పండి మేడంగారూ.”

“చూద్దామండీ. బిళ్ల జోలికి మాత్రం రాకండి. మీ చేతికిస్తే నా పేరు కూడా కడిగేస్తారు.”

అంకాలమ్మ నవ్వింది.

స్పిరిట్ ఎప్పుడో ఆవిరైంది. అడుగున అంటుకున్నదంతా గీకి అర్ఫా నూరింది. దాన్ని వడకట్టడానికి పక్కగదిలోకి వెళ్లింది. బల్లమీద బిళ్ల మూత లేకుండా ఉంది. దానిమీద దుమ్ము ఉందనిపించింది అంకాలమ్మకు. ఆయన దాచినది పోసే చోటు. ఆ రోజుకోసం సబ్బుపొడి వేసి ఉతికిన చీర కొంగుతో మెల్లగా తుడిచింది.

అర్ఫా వచ్చి మూత బిగించింది. మూతలోని సన్నని రంధ్రంలోంచి ఒక గాడిలో నూరినదంతా పోసింది. పక్క గాడిలో, పోల్చి చూడ్డానికి, ఉత్త నీళ్లు. దీపం వేసింది.

నలుపు తెర మీద ఒక తెల్లటి గీత.

“పిల్లలోనే ఉందా తల్లీ!” అంకాలమ్మ బల్ల పట్టుకుంది.

ఆ పక్కనే ఇంకో గీత వెలిగింది.

“అదేంటండీ?”

అర్ఫా తెర దగ్గరికి వంగింది. “ఉత్త నీళ్ల గాడి. అది వెలగకూడదండీ.” ఆమె చూపు కొంగు మీద ఆగింది. “తుడిచారా? బట్టలు తెల్లగా కనపడాలని సబ్బుపొడిలో ఒక మందు కలుపుతారు. ఈ దీపానికి అదీ వెలుగుద్ది.”

“మళ్లీ చెయ్యండి.”

సీసా అడుగు శుభ్రంగా ఉంది, గీకడానికి ఇంకేమీ మిగల్లేదు.

“అంకాలమ్మగారూ, పిల్లలోనే ఉండి ఉంటుంది లెండి.”

“గాజు చెప్పలేదుగా.”

ఆమె బిళ్లను, సీసాను తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది. పంపు తిప్పింది.

“చేతులెక్కడ కడిగావే?”

“మన గట్టు దగ్గరేనయ్యా,” అంది.

నీళ్లు పోతూనే ఉన్నాయి. గొంతు మళ్లీ అడిగింది.