మగ్గం గది కిటికీ

మా ఇంట్లో మగ్గం గది కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. తెరిస్తే గాలికి మగ్గం మీది పడుగు ఎండిపోతుంది, ఎండిన పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని గోనెపట్టా తడిపి కిటికీకి కట్టేవాళ్లం. మగ్గం కింది గుంట చుట్టూ నేల మీద నీళ్లు చల్లేవాళ్లం. మా ఆయన పొద్దున్నే ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే దీపాలవేళకి లేచేవాడు. గుంటలో దిగాక ఇక ఎండ ఆయన ఒంటికి తగిలేది కాదు.

మాది పామర్రు దగ్గర నేతగాళ్ల వీధి. యుద్ధం నడుస్తున్న రోజులు. బియ్యం అరకొర, నూలూ అంతే. మా అత్త బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వార్చిన గంజిలో మొదటి గిన్నె మనుషులకి, ఉప్పేసి. ఆ తర్వాతే నూలుకి పెట్టడానికి. పొద్దున్నే అందరం కాసేపు ఎండలో కూర్చోవాలి, మా ఆయన్ని కూడా తిట్టి కూర్చోబెట్టేది. ఎవరి చెంబు వాళ్లదే. అన్నం ముందు చేతులు బూడిదతో తోముకోవాలి. నేను విసుక్కుంటే, "పోగు తెగితే అతుకుతావు, మనిషి తెగితే దేంతో అతుకుతావే" అనేది.

ఆవిడ పోయాక ఆ పద్ధతి తప్పించింది నేనే. ఇంకెవరి మీదా పెట్టను. బియ్యం తగ్గాయి, గంజి పల్చబడింది. పల్చటి గంజి పెడితే పోగు నిలవదు. గుడ్డ బాగా రాకపోతే షావుకారు మళ్లీ నూలివ్వడు. అందుకని చిక్కటిదంతా నూలుకి పోసి, అడుగున మిగిలినదాంట్లో నీళ్లు కలిపి మేం తాగాం. ఎండలో కూర్చోవడం మానేశాం. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. మగ్గం గదిలోనే వాళ్ల నాన్న పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఇద్దరిదీ ఒకటే చెంబు.

ఆయనకి దగ్గు పట్టుకుంది. నూలు దుమ్ము అనుకున్నాం, మా వీధిలో దగ్గని మగాడు లేడు. నెత్తురు పడ్డాక బెజవాడ తీసుకెళ్లాను. డాక్టరుగారు ఛాతీ చూసి, ఎక్కడ కూర్చుని పని చేస్తాడని అడిగారు. చెప్పాను.

"దీనికి నా దగ్గర మందు లేదమ్మా. గాలి, ఎండ, పాలు, నిద్ర, అంతే. పిల్లని మాత్రం ఆ గదిలో ఉంచకు," అన్నారు.

ఇంటికొచ్చి గోనెపట్టా పీకేశాను. గంటలో నాలుగు పోగులు తెగాయి. ఆయనే లేచి, గోడ పట్టుకుని వెళ్లి, మళ్లీ కట్టాడు.

"ఈ ఒక్క చీర దిగనీవే. తర్వాత తీద్దువుగాని."

సరేనన్నాను. ఆ చీర దిగింది, ఇంకోటి ఎక్కింది. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టేదాన్ని. వాళ్ల నాన్న దగ్గు వినపడితే చెంబు పట్టుకుని తనే లోపలికి పోయేది. నేను చూసి కూడా ఊరుకున్నాను. కండెలు చుట్టి ఆయనకి అందించేవాళ్లు వేరే ఎవరూ లేరు.

ఆయన వానాకాలంలో పోయాడు, మగ్గం మీద సగం చీర ఉండగానే. పెద్దకర్మ అయిన మూణ్ణాళ్లకి పిల్ల దగ్గింది.

ఆ రోజే కిటికీ చెక్కలు ఊడదీశాను, మళ్లీ మూయడానికి లేకుండా. మిగిలిన సగం చీర నేనే నేశాను. నాకు నేత అంతంతమాత్రం. గాలికి పోగులు తెగుతూనే ఉన్నాయి, ముళ్లేస్తూ పోయాను. షావుకారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది చీరా బొంతా అన్నాడు. గాలి తగిలిందండీ అన్నాను. మళ్లీ నూలివ్వలేదు.

ఊడ్పులకి, దంపుళ్లకి పోయాను. గంజి మొదటి గిన్నె పిల్లకే పోశాను, ఉప్పేసి, చిక్కగా. దానికి వేరే చెంబు పెట్టాను. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఎండలో కూర్చోబెట్టాను. కోతల దాకా దగ్గుతూనే ఉంది, తర్వాత తగ్గింది. ఎండే బతికించిందో, గంజే బతికించిందో, దాని ఆయుషే గట్టిదో నేను చెప్పలేను.

మగ్గం అమ్ముదామంటే కొనేవాడు లేడు, ఎవరికీ నూలు లేదుగా. ఆ వానల్లోనే ముసురు పట్టి కట్టెలు తడిసిన రోజుల్లో దాని కర్రలే ఒక్కొక్కటీ పొయ్యిలో పెట్టి పిల్లకి గంజి కాచాను. ఏళ్ల తరబడి ఆయన చేతులు తగిలి నున్నబడ్డ కర్ర. బాగా మండింది.