శామీర్‌పేటలో నేను మూగవాణ్ణయిన ఆదివారం

పెళ్లిచూపుల్లో పిల్ల మూగదేమోనని మగపెళ్లివారు మాట్లాడించి చూడటం మీరు ఎరిగిందే. పిల్లవాడు మూగవాడేమోనని ఆడపెళ్లివారు గాభరాపడి, వెనక నుంచి గ్లాసు కింద పడేసి పరీక్ష చేసిన వైనం ఎక్కడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ పరీక్షలో కూర్చున్న మహానుభావుణ్ణి నేనే.

అప్పట్లో నగరంలో ఎఫ్‌ఎం రేడియోల కొత్త మోజు. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పని చేస్తూ, మేడ్చల్‌లో మా బాపుతో, అంటే నాన్నతో, ఉండేవాణ్ణి. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక స్టేషన్‌వాళ్లు ఫోన్లో జనంతో ముచ్చట పెట్టేవారు. ఢిల్లీ గద్దె నుంచి గల్లీ నల్లా దాకా ఏదైనా మాట్లాడొచ్చు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది. కంపెనీలో తెలిస్తే బాగుండదని పేరు చెప్పకుండా ‘మేడ్చల్ పౌరుణ్ణి’ అని చెలరేగిపోయేవాణ్ణి. “నేను ఒకటే అడుగుతున్న!” అని మొదలుపెట్టి, ఒకటి కాదు, అరవై అడిగేవాణ్ణి.

నాకక్కడ ఒక జన్మశత్రువు తయారయ్యాడు. ‘శామీర్‌పేట రైతుబిడ్డ’ అట. ఖళ్లుమని దగ్గి, “ఒక్కమాట చెప్త, ఇనుండ్రి” అని అందుకునేవాడు. నేను సంకీర్ణ సర్కారు మంచిదంటే ఆయన పది మంది పట్టిన నాగలి సాలు తప్పుతుందనేవాడు. నేను ఫ్లైఓవర్లు కావాలంటే ఆయన ముందు మంచినీళ్లు తెమ్మనేవాడు. ఒక ఆదివారం ఉత్సాహం తలకెక్కి, “ఎండకాలం మీ చెరువు ఎండినట్టు నీ బుర్ర ఎండింది పెద్దమనిషీ!” అనేశాను. ఆయన వెంటనే ఫోన్ కలిపాడు. “అరేయ్ మేడ్చల్ పిలగా, నువ్వు నాకు దొరకాలె. నిన్ను గదే చెరువుల ముంచి లేపుత!”

ఆ మాటకు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందని అప్పుడు తెలియదు.

రెండు వారాలకు చిన్నమ్మ ఒక సంబంధం తెచ్చింది. పిల్ల బడిలో టీచరు. ఫొటో చూశాను. దాచడం ఎందుకు, చూడగానే మనసు పారేసుకున్నాను. ఈ పిల్ల కాకపోతే నాకు పెళ్లే వద్దనుకున్నాను. ఊరు శామీర్‌పేట అన్నప్పుడైనా బుర్ర వెలగాలి కదా? వెలగలేదు. ఆదివారం నాలుగున్నరకు బాపు, చిన్నమ్మ, నేను వాళ్లింట్లో కూర్చున్నాం.

“పిలగాడు మస్తు మాటకారి. నోరు తెరిస్తె ఇగ ఆగడు” అని చిన్నమ్మ నన్ను పొగిడింది.

లోపలి నుంచి పిల్ల తండ్రి వచ్చాడు. ఖళ్లుమని దగ్గాడు. “ఒక్కమాట చెప్త, ఇనుండ్రి. మా ఇంట్ల మొహమాటం వద్దు” అన్నాడు.

ఆ దగ్గు, ఆ గొంతు నాకు కంఠతా వచ్చు! నేను నోరు విప్పితే ఆయనా నన్ను గుర్తుపడతాడు. పిల్ల దక్కదు, చెరువు దక్కుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. నోరు మూస్తేనే సంబంధం మంచిదని నేను తేల్చుకున్నాను.

“ఏం పని జేస్తున్నవ్ బిడ్డా?” అన్నాడాయన.

నేను చిరునవ్వుతో బాపు వైపు చూపించాను.

“జీడిమెట్ల మందుల కంపెనీల జేస్తడు” అన్నాడు బాపు, నన్ను మింగేసేలా చూస్తూ. “ఏందిరా, నోట్లేమన్న పెట్టుకున్నవా?”

తల అడ్డంగా ఊపాను. మౌనం అర్ధాంగీకారమంటారు. నా మౌనం మాత్రం పూర్తి అనుమానమైంది. నా వెనక ఆ ఇంటి అవ్వ స్టీలు గ్లాసు ధన్‌మని పడేసింది. ఎగిరిపడ్డాను.

“చెవులు మంచిగనే ఉన్నయి. ఇగ నాలుక సంగతే తెల్వాలె” అంది అవ్వ.

పిల్ల చాయ్, లడ్డూలు తెచ్చింది. ఫొటో కంటే బాగుంది. “మీరేమన్న అడుగుతరా?” అంది మెల్లగా. అడగాల్సినవి వంద ఉన్నాయి. తల అడ్డంగా ఊపాను. ఆమె మొహం చిన్నబోయింది. ఆ క్షణంలో నా మీద నాకే ఏడుపొచ్చింది.

ఇంతలో గోడ గడియారం ఐదు కొట్టింది.

“పది నిమిషాలు ఏమనుకోకుండ్రి. నాకొక ఆదత్ ఉన్నది” అని ఆయన రేడియో పెట్టాడు. పిల్ల అలవాటుగా ఫోన్ కలిపి ఇచ్చింది.

“ఒక్కమాట చెప్త, ఇనుండ్రి! ఢిల్లీల సంకీర్ణ సర్కారు గతుకుల రోడ్డు మీద డొక్కు బస్సు లెక్క...”

నేను నోట్లో లడ్డూ కుక్కుకున్నాను.

“ఫ్లైఓవర్లు కట్టుడు కాదు, నీళ్లు ఇయ్యిండ్రి...”

ఇంకో లడ్డూ.

“గా మేడ్చల్ పౌరుడు ఇయ్యాల ఫోన్ జెయ్యలే. నాకు భయపడి ఏ మంచం కిందనో దాక్కున్నట్టున్నడు!”

అయ్యా, మీరే చెప్పండి. మనిషన్నవాడు ఎన్ని లడ్డూలని మింగుతాడు?

“ఎవడు భయపడ్డడు?” అని లేచి నిలబడ్డాను. “నేను ఒకటే అడుగుతున్న!”

నా కేక ఆయన ఫోన్లో దూరి, స్టూలు మీది రేడియోలోంచి మళ్లీ నాకే వినిపించింది. ఆపైన కీచుమని శబ్దం. యాంకరమ్మ సంబరంగా, “ఓ, మేడ్చల్ పౌరుడు గారూ! మీరూ అక్కడే ఉన్నారా? కొంచెం రేడియో తగ్గించండి!” అంది. నగరమంతా విన్నది.

ఆయన ఫోన్ పెట్టేశాడు. “నువ్వేనా?” అన్నాడు.

“నేనే” అన్నాను. ఇక దాచడానికి ఏం మిగిలింది?

“మావోడు మూగోడు కాదు బావా” అన్నాడు బాపు నీరసంగా. “గదే మా తిప్పలు.”

“చెరువుల ముంచుత అన్న. యాదికున్నదా?”

“ఉన్నది.”

అంతవరకూ బిగపట్టుకున్న పిల్ల ఫక్కున నవ్వేసింది. “బాపూ, జవాబిచ్చేటోడు ఇంట్లనే దొరికిండు. ఇగ నాకు వారం వారం ఫోన్ కలిపే బాధ తప్పుతది.”

ఆయన కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు, ఖళ్లుమని దగ్గాడు. “మాటంటె మాటే. ముంచుడు ఖాయం. గాని చెరువు దాక ఎందుకు? సంసారంల ముంచుత. లగ్గం పెట్టుకోండ్రి!”

కనుక పాఠక మహాశయులారా, శామీర్‌పేట చెరువు సాక్షిగా, నేను తిన్న లడ్డూల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ రేడియోకూ ఫోన్ చేయను. చేయాల్సిన అవసరమూ రాలేదు. ఆదివారం ఐదింటికి మా మామ వచ్చి కూర్చుంటాడు, నేను ఎదురుగా కూర్చుంటాను. గొంతులు పెరిగి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునే వేళకు మా ఆవిడ వంటింట్లోంచి యాంకరమ్మలా కేకేస్తుంది.

“సమయం అయిపోయింది. ఇద్దరూ లేచి అన్నానికి చేతులు కడుక్కోండ్రి!”