చానెల్‌కి ఎక్కించేవాడు

కంపెనీల యజమానులను వ్యాపార వార్తల చానెల్లో కనిపించేలా చేయడం అతని పని. "మీ సరుకు గొప్పంటే ఎవరూ పిలవరు సార్. ఇవాళ్టి వార్త మీద మాట్లాడండి, నవ్వుతూ మాట్లాడండి" అని అందరికీ చెబుతాడు. చెబుతూనే వాళ్ల కాలర్ సర్ది, నుదుటి చెమట తన రుమాలుతో అద్దుతాడు. మొన్న మోటార్ల కంపెనీ యజమానిని యాంకర్ ఇనుము ధర గురించి అడుగుతూ, ఉన్నట్టుండి, ఆయన మూసేసిన ఫ్యాక్టరీలోని కార్మికుల సంగతేమిటంది. ఆయన నేర్పినట్టే పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"నవ్వమంది నువ్వే కదయ్యా! పరువు తీశావు. రేపట్నుంచి నా గడప తొక్కకు" అని స్టూడియో బయట యజమాని అతని మీద విరుచుకుపడ్డాడు. అతనికి మిగిలిన పెద్ద కంపెనీ అదొక్కటే. అతను ఆయన కోటుకున్న మైకు మెల్లగా విప్పాడు. ఇంతలో చానెల్ అమ్మాయి తొంగిచూసింది. "అన్నా, సార్ నవ్విన ముక్కని జనం ఫోన్లలో తెగ చూస్తున్నారు. రేపు కూడా తీసుకొస్తావా?"

యజమాని తలుపు అద్దంలో ఓసారి చూసుకున్నాడు.

"ఏ కోటు వేసుకోమంటావు?"